అన్న తప్పొప్పుకున్న మూడు మెసేజీలు

వికారాబాద్,
8 జనవరి 2025

బేకార్ల సర్దార్ అమర్‌నాథ్‌కు,

మీ అక్క సావిత్రమ్మ రాస్తున్నది. దీవెనలు గిట్ల ఏం రాస్తలేను. అవి మనుషులకు పెడ్తరు.

ఫోన్ ఉండంగ కాయితం ఎందుకంటవేమో. నీతోని ఫోన్ల మాట్లాడి ఒకసారి చెడిపోయిన, సాలు. మా ఇంట్ల కుక్కర్ పేలిన దినం నేను మీ బావను తిట్టిన తిట్లన్ని నువ్వు రికార్డు చేసినవ్. తాండూరుల మా అన్న నాపబండల యార్డుల కూలోళ్లు చాయ్ తాగేటప్పుడు వాళ్లకు ఇనిపిచ్చినవ్. మర్పల్లికి బండలు తోలే లారీ డ్రైవరు మా షాపు ముంగట బండి ఆపి "కుక్కరమ్మ ఇల్లు గిదేనా" అని అడిగిండు. గా దినం నుంచి నీ నంబరు బ్లాకుల పెట్టిన. నాలుగేండ్లాయె. అండ్లనే ఉంటది. కాయితం మీదైతే నా గొంతు దొంగతనం చెయ్యలేవు గదా, గందుకే రాస్తున్న.

పని పడ్డది కాబట్టి రాస్తున్న, ప్రేమ పుట్టి కాదు.

నా ఫోన్ల మూడు వాయిస్ మెసేజీలున్నయ్. రెండేండ్ల కిందటి ఎండాకాలంల వచ్చినయ్. ఎవ్వరియో తెలిస్తే నిలబడ్డోనివి కూలవడ్తవ్, జర కూసొని సదువు. మా అన్న కిషన్‌వి. నీకు అన్నం పెట్టే సేటు కిషన్‌వే. తప్పయిందని చెప్పిండు. అవు, వాడే, వాని నోటితోని.

ఏం తప్పని అడగకు. మా ఇంటి గృహప్రవేశం దినం నువ్వు గూడ ఉన్నవ్, నాలుగుసార్లు బూరెలు అడిగి ఏపిచ్చుకున్నవ్. నలబై మంది పంక్తిల కూసున్నంక మా అన్న చెప్పులు విడువకుండ నడింట్లకు వచ్చిండు. మడిమెతోని నేలను రెండుసార్లు తన్ని, "ఏందే సావిత్రి, దవాఖాన లెక్క గీ తెల్ల పెంకులేంది? పుట్టినింట్ల బండలు ఎండకు మాడుతుంటె నీ మొగడు గుజరాత్ టైల్స్ ఏసిండా? బాత్రూంలకు వచ్చినప్పుడు నేను చెప్పులు విడువ" అన్నడు. మంచినీళ్లు గూడ తాగక ఎల్లిపోయిండు. పదకొండేండ్లు. అప్పటిసంది వాని గడప నేను తొక్కలే, నా గడప వాడు తొక్కలే.

గిప్పుడు నా ఫోను ముసలిదైంది. తెర మీద పచ్చ గీతలు పడుతున్నయ్, ఛార్జింగు సగం దినం గూడ ఆగుతలేదు. ఫోన్ సచ్చిపోతే మెసేజీలు గూడ పోతయని పక్కింటామె అన్నది. గవి పోవద్దు. ఎప్పటికి పోకుండ దాసి పెట్టాలె. ఫోన్ల ఇసయంల నీకు దొంగ తెలివున్నదని అందరంటరు. ఎట్ల దాయాల్నో నెంబర్లేసి, ఒకటెన్క ఒకటి రాసి పంపు. ఎకసెక్కాలు వద్దు.

సావిత్రమ్మ


తాండూరు,
19 జనవరి

వికారాబాదు మహారాణి సావిత్రమ్మక్క సముఖానికి, అన్న యార్డుల బండల దుమ్ము మింగి బతికే అమర్‌నాథ్ మొక్కి రాయునది.

నీ ఉత్తరం అందింది. పోస్ట్‌మాన్ నా చేతికి ఉత్తరం ఇచ్చుడు సూసి యార్డు యార్డంత పని బందు పెట్టి వచ్చింది. నోటీసొచ్చిందని అనుకున్నరు. నీ దస్తూరి సూసినంక నేను గూడ అట్లనే అనుకున్న.

చదివిన. రెండు గిలాసల నీళ్లు తాగి మళ్ల చదివిన.

అక్కా, అన్న తప్పొప్పుకునుడేంది? అద్దం ముంగట నిలబడితే అద్దంలోనోడే ముందు నమస్తే పెట్టాలని సూసే మనిషి! మొన్న పాలిష్ మిషన్ల వేలు ఇరికి నెత్తురు కారుతుంటే, "నా వేలుది తప్పు కాదు, మిషన్‌కు కండ్లు లెవ్వా" అన్నడు. గట్లాంటోడు నీకు మెసేజి పెట్టిండా? మంచిగ ఇన్నవా? చెవుల నూనె గిట్ల పోసుకొని ఇన్లే గదా?

సరే, ఉన్నయనే అనుకుందాం. దాసుకొని ఏం జేస్తవ్? ఊరగాయ పెడ్తవా? అయినా నువ్వు నెంబర్లేసి అడిగినవ్ కాబట్టి రాస్తున్న.

ఒకటి. ఫోన్ల సెట్టింగులు అని ఉంటది, చక్రం బొమ్మ. ఒత్తు.
రెండు. అట్టడుగుకు పో. ఫ్యాక్టరీ రీసెట్ అని ఉంటది. ఫ్యాక్టరీ అంటే నీకు తెల్సు, తాండూరు బిడ్డవు. మన సిమెంటు ఫ్యాక్టరీల బస్తా కుట్టినంక ఒక్క గింజ బయటికి రాదు. గది గూడ గట్లనే లోపటున్నదంత గట్టిగ కుట్టి పెడ్తది.
మూడు. "అవునా కాదా" అని అడుగుతది. కండ్లు మూసుకొని అవును అను.

గంతే. ఇగ జన్మల ఫికర్ ఉండది.

బావను అడిగిన అని చెప్పు. టైల్స్ మీద మెల్లగ నడవమను, జారుతయ్.

నీ తమ్ముడు
అమర్


వికారాబాద్,
6 ఫిబ్రవరి

అమర్‌గానికి,

నీ కాయితం పట్టుకొని బస్టాండు కాడ ఫోన్లు బాగుచేసే ప్రేమ్‌సాగర్ దగ్గరికి పోయిన. నాకు తెలివి లేక కాదు, తెర మీది గీతలతోని అక్షరాలు కనవడక పోయిన. వాడు నీ రెండో నెంబరు సదివి నవ్వనీకి మొదలు పెడితే, చేతిల పట్టుకున్న ఫోన్ కింద పెట్టి మరీ నవ్విండు. "అమ్మా, గిది ఒత్తితే ఫోన్ల మీ పేరు గూడ మిగలది. ఎవరు రాసిచ్చిండ్రు, పగోడా?" అని అడిగిండు. "కాదు, మా చిన్నాయన కొడుకు" అన్న. "రెండు ఒకటే గదమ్మా" అన్నడు. ఊరు పేరు తెల్వనోనికి గూడ నీ సంగతి తెల్సు.

తుడిచి పెడ్దామని సూసినవ్. ఎందుకో నాకు తెల్వదనుకున్నవా? అన్న కాడ జీతగానివి. అన్న తప్పొప్పుకున్నడని నలుగురికి తెలిస్తే అన్న ఇజ్జతి పోతదని తోక ఊపినవ్.

ఇగ ఇను. నేనే చేసుకున్న. తొమ్మిది తప్పినదాన్ని, పది తప్పినోని కన్న నయమే. మెసేజి మీద వేలు పెట్టి ఒత్తి పట్టుకుంటె దాని రంగు మారింది. పక్కన మూడు చుక్కలు ఒత్తితే షేర్ అని వచ్చింది. షేర్ ఒత్తితే మెయిల్ అన్నది. నాకు మెయిల్ లేకుండె, షాపుల కూసొని చేసుకున్న. మూడు మెసేజీలు మెయిల్లకు పోయినయ్. మళ్ల ఒక జత మెమరీ కార్డులకు, ఇంకొక జత పెన్ డ్రైవులకు. పెన్ డ్రైవు పసుపు డబ్బాల పాతి పెట్టిన. ఇల్లు కాలినా ఒకటి మిగులుతది, ఫోన్ సచ్చినా మూడు మిగులుతయ్. నీ ఫ్యాక్టరీని నువ్వే కుట్టుకో.

గిప్పుడు అసలు ముచ్చట. పద్మారాణి వదినె కార్డు పంపింది. ఏప్రిల్ పదమూడు, ఆదివారం, అన్న షష్టిపూర్తి. పదకొండేండ్లల్ల నా పేరు మీద వచ్చిన మొదటి కార్డు. కింద చేతితోని "తప్పక రావాలె" అని రాసింది. వస్త. ఉట్టి చేతులతోని రాను. మీ బావ షాపుల దసరాకు తెచ్చిన స్పీకరు ఉన్నది, మోకాలంత. అది పట్టుకొని వస్త. దండలు మార్చుకున్నంక, భోజనాలకు ముందు, మైకు పట్టుకొని "మా అన్న నాకు పంపిన మాటలు మీరు గూడ ఇనుండ్రి" అని పెడ్త. నలబై మంది ముంగట అన్నడు. నాలుగు వందల మంది ఇనాలె.

గా గడప నేను తల దించుకొని తొక్క. గా మెసేజీలు నా చేతుల ఉన్నయ్ కాబట్టే తొక్కుతున్న. అవి లేకుంటే నాకు అన్నా లేడు, పుట్టినిల్లూ లేదు. గది నీ చిన్న మెదడుకు ఎక్కిచ్చుకో.

మొదటి మెసేజి ఇట్లుంటది, నాకు నోటికొచ్చు: "సావిత్రీ... హుఁ... నేను, కిషన్‌ను. గా దినం చెప్పులు విడువకుండ లోపటికొచ్చిన గదా. అది తప్పే." అన్నంక దగ్గుతడు. తప్పు అనే మాట వాని గొంతుల ఇరికి బయటికి రానీకి ఎంత తన్లాడిందో. రెండోది: "ఇంకో మాట. టైల్సు మంచిగనే ఉన్నయ్. మెరుస్తున్నయ్. శివశంకర్ బావకు గూడ చెప్పు." మీ బావ పేరు పెట్టి బావ అన్నడు! పదకొండేండ్ల కింద "నీ మొగడు" అన్నోడు.

శుక్రవారం శుక్రవారం ఇల్లు కడుగుకుంట మూడు పెట్టుకొని ఇంట. నేల గూడ జర ఎక్కువ మెరుస్తది.

సావిత్రమ్మ


తాండూరు,
20 ఫిబ్రవరి

అక్కా,

ఈ ఉత్తరంల ఎకసెక్కం లేదు. నువ్వు నమ్మవు, గది నాకు తెల్సు. నేను నిజం రాస్తే కాయితానికే నవ్వొస్తది. అయినా రాస్తున్న.

గా స్పీకరు తేకు.

గా మెసేజీలు అన్నవి కావు. నావి.

సదివినవా? మళ్ల రాస్త. గా గొంతు నాది.

అన్న గొంతు తీసుడు నాకు చిన్నప్పటిసంది వచ్చు. సోలాపూర్ బేరగాళ్లతోని సగం బేరాలు ఫోన్ల నేనే చేస్త, అన్న గొంతుతోని. వాళ్లు "కిషన్ సేట్, జర తగ్గుండ్రి" అంటరు, నేను "హుఁ" అంట, వాళ్లే తగ్గుతరు. రెండేండ్ల కిందట మే నెలల ఒక దినం కరెంటు పోయింది, మిషన్లన్ని ఆగినయ్. కూలోళ్లు బండల నీడకు పండుకున్నరు. అన్న ఫోను బల్ల మీద ఇడిసిపెట్టి ఎటో పోయిండు. నాకు పని లేదు. పని లేకుంటే నేనేం జేస్తనో నీకు తెల్సు.

నా ప్లాను ఏందంటే, నువ్వు ఇని భగ్గుమంటవ్. అన్నకు ఫోన్ చేసి, ఇన్నేండ్లకు తెలివొచ్చిందా అని దులుపుతవ్. అన్న "నేనెప్పుడు పంపిన" అని ఎగురుతడు. నేను పక్కన నిలబడి సూస్త. గంతే. నువ్వు ఉలుకలే, పలుకలే. నా జిందగీల ఫ్లాపైన జోకు గదొక్కటే అనుకొని మర్సిపోయిన. అన్న గూడ తెల్లారిసంది ఫోను నా చేతికి ఇడుస్తలేడు, బనీను జేబుల పెట్టుకొని తిరుగుతున్నడు. యార్డుకు వేరే డబ్బా ఫోన్ కొనిచ్చిండు. గందుకని ఏమైందో సూసుకునే మోక గూడ దొరకలే.

నువ్వు వాటిని పసుపుల పాతి పెట్టుకుంటవని నాకెట్ల తెల్సు?

సాక్ష్యం కావాల్నంటే మొదటిది మళ్ల పెట్టుకొని ఇను. "అది తప్పే" అన్నంక దగ్గు వస్తది గదా. అది దగ్గు కాదు. నవ్వు. అంగీ చేయి నోట్ల కుక్కుకున్న. ఇంకా మంచిగ ఇంటే వెనక ఒక మేక అరుస్తది. గది మన యార్డు కూలి బీరన్నది, బంట్వారం నుంచి తోలుకొచ్చి మన గేటుకు కట్టిండు గా దినం.

నాలుగు వందల మంది ముంగట నువ్వు పెడ్తవ్. అన్న ఇంటడు. తన గొంతు కాదని ఒక్క ముక్కల చెప్తడు. అప్పుడు ఇజ్జతి పోయేది అన్నది కాదు, నీది. నా నౌకరి పోతే పోయింది. యాబై రెండేండ్లు వచ్చినయ్, ఏదన్న దుకాణంల కూసుంట. నువ్వు మళ్ల గడప తొక్కకుండ పోతవ్, గదొక్కటే నాకు నిద్ర పట్టనిస్తలేదు.

తిట్టు. ఒక పుస్తకం రాసి పంపు. తీరికగ సదువుకుంట.

అమర్


వికారాబాద్,
11 మార్చి

అమర్‌నాథ్‌కు,

ఇరవై దినాలు నేనేం రాయలే. ముందుగాల నమ్మలే. అన్ననే నీతోని రాయించిండనుకున్న. పంపినంక సిగ్గయి, ఇప్పుడు నీ నెత్తిన ఏస్తున్నడనుకున్న. తర్వాత మేక కోసం ఇన్న.

ఉన్నది. "తప్పే" అన్నంక, దగ్గు కన్న ముందు. సన్నగ ఒకసారి.

వంద శుక్రవారాలు ఇన్న దాన్ని, ఒక్కసారి గూడ మేక ఇనవడలే. ఇనాలని లేదు కాబట్టి ఇనవడలే.

నిన్ను తిట్టనీకి నాకు ఓపిక లేదు. తిట్లు బతికున్నోళ్లకు. నువ్వు ఒకరి ముంగట ఏడ్వలేవు, ఒకరితోని నిజం మాట్లాడలేవు. గందుకే ఇంకొకని గొంతు కావాలె నీకు. యాబై రెండేండ్లు వచ్చినా నీ సొంత గొంతు ఎట్లుంటదో ఎవ్వరికి తెల్వది. నీకు గూడ తెల్వది.

మొన్న సోమవారం మెయిల్ల నుంచి తీసేసిన. మెమరీ కార్డు కత్తెరతోని కత్తిరించిన. పెన్ డ్రైవును రోకలితోని దంచిన. మీ బావ చప్పుడు ఇని వచ్చి, "ఏం దంచుతున్నవ్?" అన్నడు. "మా అన్నను" అన్న. వచ్చిన దారినే షాపుకు పోయిండు. ఫోన్ల మొదటి రెండు తీసేసిన. మూడోది ఈ ఉత్తరం పోస్టు డబ్బాల ఏసి వచ్చినంక తీసేస్త.

మూడోది అయితే మరీ బలుపు నీకు. పొద్దుగాల రెండు పంపి సాలక, సాయంత్రం మళ్ల: "పొద్దుగాల ఇన్నది ఇన్నట్టే అనుకో. జవాబియ్యి." గంతే. ఆరు మాటలు గూడ లేవు. గా "జవాబియ్యి" అన్నందుకే నేను జవాబియ్యలే. తప్పొప్పుకున్నోడు హుకుం చేస్తడా? బతిమాలితే ఇద్దామనుకున్న. రెండేండ్లు గా ఒక్క మాట మీద పంతం పట్టి కూసున్న. పంతం పట్టింది నీ మీదనా! బండల యార్డుల అంగీ చేయి నోట్ల కుక్కుకున్న కోతి మీదనా!

షష్టిపూర్తికి రాను. వదినెకు ఒంట్ల బాగ లేదని చెప్పు. అబద్ధం నీకు మంచిగొస్తది.

సావిత్రమ్మ


తాండూరు,
16 మార్చి

అక్కా, అక్కా, అక్కా,

తీసెయ్యకు. తీసేసినవేమో, అయ్యో. నీ ఉత్తరం అందంగనే ఫోన్ కొట్టిన, బ్లాకు. బావకు కొట్టిన. "నీ పేరు తీస్తే మీ అక్క నాకు అన్నం పెట్టది" అని కట్ చేసిండు. శభాష్ బావ.

మూడోది నాది కాదు.

కొమురెల్లి మల్లన్న మీద ఒట్టు, మా అమ్మ మీద ఒట్టు. నేను పంపింది రెండే. సాయంత్రం ఫోన్ నా చేతిల లేనే లేదు. నువ్వు మూడు మూడు అని రాస్తుంటె, ఏదో ఒకటి రెండుసార్లు పోయిందేమో అనుకున్న. నీ ఉత్తరంల గా మాటలు సదివినంక తెల్సింది, గవి నావి కావని. "జవాబియ్యి" అని నేనెందుకంట? జవాబు కోసం ఎదురుసూసేటోడు వేరే ఉన్నడు.

సీదా అన్న కాడికి పోయిన. బండల మీద సుద్దముక్కతోని గీతలు గీస్తున్నడు. అంత చెప్పిన. గొంతు తీసింది, రెండు పంపింది, నువ్వు పసుపుల దాసింది, రోకలితోని దంచింది. తల ఎత్తలే. చెప్పుడైనంక భుజం మీది తువ్వాల తీసి నా మొకం మీద ఇసిరిండు.

"నాకు తెల్వదనుకున్నవా, గాడ్ది?" అన్నడు.

"అంటే?"

"కరెంటు పోతే యార్డంత సప్పుడు లేకుండ ఉంటది. నేను బండల వెనుక నీళ్లు తాగుతున్న. నువ్వు నా లెక్క 'హుఁ' అనుకుంట చెప్పేదంత ఇన్న. నేనంత దరిద్రంగ అంటనా 'హుఁ'?"

"మరి నా చెంప పలగ్గొట్టొద్దా అన్నా?"

"కొడ్దామనే లేసిన. ఆఖరికి ఆగిన." ఇంకొక గీత గీసిండు. సగంల సుద్ద ఇరిగింది. "చెప్పాల్సిందే చెప్తున్నవ్, గందుకని ఆగిన. గా మాటలు నా నోటికి రావు. నువ్వు అంటే వస్తున్నయ్. రానీ అనుకున్న."

"మరి సాయంత్రం?"

"మీ అక్క తెలివి గల్లది, నీ గొంతని పట్టేస్తదని భయమైంది. నువ్వు ఎక్కడ ఒత్తినవో సూసిన. నేను గూడ గక్కడనే ఒత్తి, ఇన్నది ఇన్నట్టే అనుకోమన్న. ఇంకేం అనాలె? కాళ్లు మొక్కాల్నా?"

"జవాబియ్యి అన్నవట. గందుకే ఇయ్యలేదట అక్క. హుకుం చేసినవని."

అప్పుడు తల ఎత్తిండు అక్కా. ఆ మొకం నేను రాయలేను. కోపం కాదు, సంతోషం కాదు, సుద్ద తిన్నట్టున్నది. "జవాబియ్యి అంటే హుకుమా?" అన్నడు. "మరి ఎట్లనాలె? నాకు గట్లనే వస్తది మాట. రెండు ఎండాకాలాలు సూసిన. ఇన్నట్టు నీలం గుర్తు పడ్డది. జవాబు లేదు. దానికెంత పొగరు!"

బనీను జేబుల నుంచి ఫోన్ తీసి నా ముంగట పెట్టిండు. తెరిస్తే, బేరగాళ్లందరి కన్న పైన నీ పేరు. కిందికి జారకుండ పిన్ను కొట్టి పెట్టుకున్నడు. అన్నకు పిన్ను కొట్టుడు రాదు, వదినె కొట్టింది. గా కార్డు మీద "తప్పక రావాలె" అని వదినె ఎందుకు రాసిందో నాకు గప్పుడు సమజైంది. లోపట మూడు మెసేజీలు ఉన్నయ్. నావి రెండు, కింద అన్నది ఒకటి. ఆరు సెకండ్లు. మేక లేదు, నవ్వు లేదు. వెనుక పాలిష్ మిషన్ తిరుగుతున్నది, అప్పటికి కరెంటొచ్చింది.

నువ్వు తీసేసినా ఫికర్ లేదు. అన్న ఫోన్ల ఉన్నది. ఇప్పుడు దేశంల ఉన్నది గా ఒక్కటే. నాలుగు తావుల దాసి పెడ్త. మెయిల్ల, కార్డుల, యార్డు కంప్యూటర్ల, ఇంకోటి పెన్ డ్రైవుల ఏసి నీకు రిజిస్టర్ పోస్టుల పంపుత. నువ్వు ఊ అంటే రేపే.

నా సంగతి అడిగిన. "షష్టిపూర్తి అయ్యేదాంక ఉండు, టెంటోని పని సూసుకో. తర్వాత నీ లెక్క సూస్త" అన్నడు. యాబై రెండేండ్లకు నన్ను ఎవ్వరన్న చెవి పట్టుకొని గుంజుతే ఎట్లుంటదో ఇంకా నాలుగు వారాలకు తెలుస్తది.

నువ్వు రా. అన్న రమ్మన్లే. రమ్మనుడు వానికి రాదు. నేను అంటున్న. నా సొంత గొంతుతోనే అంటున్న, ఎట్లున్నా ఇను.

అమర్


వికారాబాద్,
27 మార్చి

అమర్‌గానికి,

పెన్ డ్రైవు పంపకు. పంపితే గా రోకలి ఇంకా కడగలే, అదే ఎత్తుత.

మూడోది తీసేసిన. నీ ఉత్తరం అందేటప్పటికే ఆరు దినాలైంది. తీసేసినంక ఫోన్ల మా అన్న పేరు కింద ఉత్త తెల్లది కనవడ్డది. ఎంత ఉత్తగున్నదంటే, గిన్నెలు తోముకుంట నాలుగుసార్లు లేసి సూసొచ్చిన. ఇది నీకు చెప్పొద్దనుకున్న, రాసేసిన. కొట్టేస్తే కాయితం ఖరాబైతది.

ఇప్పుడు నువ్వు మూడోది నీది కాదంటున్నవ్. అన్న సుద్ద ఇరగ్గొట్టిండంటున్నవ్, మొకం సుద్ద తిన్నట్టయిందంటున్నవ్. మస్తు రాసినవ్. ఇంకొకని గొంతు తీసినోనికి ఇంకొకని మొకం గీసుడు ఎంత సేపు? నువ్వు దాసిపెట్టి పంపిన ఏ గొంతూ నేను ఇన. అది నిజంగ వానిదే అయినా ఇన. మేక ఉన్నదా లేదా అని వెతికే చెవులు ఇగ నాకొద్దు. నమ్మి రెండేండ్లు దాసుకుంటే ఏం దాసుకున్ననో సూసినవ్ గదా.

నేను నిన్నటిసంది ఒకటే అనుకుంటున్న. వాడు బతికే ఉన్నడు. ఎటూ పోలే. రైలెక్కితే గంట గూడ పట్టది. నేను పసుపు డబ్బాల చెయ్యి పెట్టి వెతుకుతున్న.

షష్టిపూర్తికి నాలుగు వందల మందిల వచ్చి నిలబడుడు నాకొద్దు. స్పీకరు మీ బావ షాపులనే ఉంటది. దానికి ఒక వారం ముందు, ఏప్రిల్ ఆరు, ఆదివారం, పొద్దుగాల ప్యాసింజరు బండికి ఎక్కుత. మీ బావ వస్తనంటున్నడు. రానీ, టైల్స్ వేసినోడు గూడ ఇనాలె. టికెట్లు తాండూరుకు కాదు, సేడం దాంక తీస్కుంట. అక్కడ మీ బావ మేనత్త ఉన్నది, మోకాళ్లు బాగలేక పడుకున్నది, సూడనీకి ఎట్లయినా పోవాలె.

బండి తాండూరుల రెండు నిమిషాలు ఆగుతది. నేను దిగ. డబ్బ డోరు కాడ నిలబడి ఉంట, ఇంజను దిక్కు నుంచి మూడో డబ్బ. మా అన్నను రమ్మను. చిన్నప్పటి లెక్క నా పేరు పెట్టి పిలువుమను. తప్పు అనే మాట అనకున్నా మంచిదే, వాని నోరు గది మోయది. ఉత్త పేరు పిలుస్తే సాలు. పిలిస్తే బ్యాగు తీస్కొని దిగుత. సేడం ముసల్దానికి ఇంకో వారం నొప్పులుంటయ్, నష్టం లేదు. పిలువకుంటే బండి కదులుతది, నేను గూడ కదుల్త, ఇగ మళ్ల నాకు కాయితం రాయకుండ్రి ఇద్దరు.

నువ్వు స్టేషన్ల కనవడ్డవంటే పిలిచినా దిగ. ఆ దినం యార్డు కాడనే ఉండు. నీ గొంతు ఎంత దూరంల ఉంటే నాకంత మంచిది.

ఇంకొకటి చెప్పు వానికి. బండి ఆగినంక గుంపుల వెనుక నిలబడి పిలుస్తే నేను తల తిప్ప. ముంగటికి రమ్మను, నా ఎదురుంగ నిలబడుమను. వాడు పిలిచేటప్పుడు వాని నోరు నాకు కనవడాలె.

సావిత్రమ్మ